మాజీ సైనికులకు భోజనంతో సరిపెట్టొద్దు

తిరుపతిలో నిలువ నీడ లేక రోడ్ల పక్కన బతుకుతున్న వారిలో మాజీ సైనికులూ ఉన్నారు, వారిని గుర్తించే ఏర్పాటు మాత్రం లేదు. రైల్వేస్టేషన్, గోవిందరాజస్వామి గుడి పరిసరాల్లో వాలంటీర్లు భోజనం, దుప్పట్లు పంచుతున్నారు. ఆ పిల్లల ఓపికకు దండం పెట్టాలి. ఇటీవల అలాంటి శిబిరంలో ఒక పెద్దాయన ప్లాస్టిక్ కవర్లో దాచుకున్న డిశ్చార్జి పుస్తకం (సైన్యం నుంచి బయటికొచ్చేటప్పుడు ఇచ్చే సర్వీసు పత్రం) తీసి చూపించారు. ఆ పుస్తకం పట్టుకుని ఎక్కడికి వెళ్లాలో చెప్పగలిగిన వారు అక్కడ ఒక్కరూ లేరు. జవానుగా 15 ఏళ్లు నిండకముందే బయటికొస్తే మామూలుగా సర్వీసు పింఛను రాదు. పింఛను లేని, 65 ఏళ్లు దాటిన, హవల్దారు స్థాయి వరకు పనిచేసిన నిరుపేదలకు మాజీ సైనికుల సంక్షేమం చూసే కేంద్ర సంస్థ కేంద్రీయ సైనిక్ బోర్డు నెలనెలా సాయం ఇస్తుంది. 2025 నవంబరు 1 నుంచి వచ్చే దరఖాస్తులకు దాన్ని రూ.4 వేల నుంచి రూ.8 వేలకు పెంచారు కూడా. కానీ ఫుట్‌పాత్ మీద పడుకునే మనిషి గుర్తింపు కార్డు, బ్యాంకు ఖాతా ఎక్కడి నుంచి తెస్తాడు? ప్రతి సేవా శిబిరంలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయ ఉద్యోగి ఒకరు, ఆధార్ ఆపరేటర్ ఒకరు కూర్చోవాలి. కార్పొరేషన్ ఈ మాజీ సైనికులకు నిరాశ్రయుల వసతి గృహంలో చోటిచ్చి, ఆ చిరునామాతోనే కాగితాలు పూర్తి చేయించాలి. డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవానికి ముందే కలెక్టర్ ఈ పని మొదలుపెట్టించాలి.

– ఒక పాఠకుడు, తిరుపతి