మొదటి గుక్క పట్టే ముందే మింగుడు పరీక్ష చేయాలి

సంపాదకుడి గారికి,

అన్నం తింటూ ఎవరికైనా పొలమారితే నెత్తిన తట్టి, 'ఎవరో తలుచుకుంటున్నారు' అంటాం. రెండేళ్ళ కిందట మా నాన్నకు పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, గ్లాసుతో నీళ్ళు పట్టిన ప్రతిసారీ పొలమారేది. అమ్మా నేనూ అలాగే నెత్తిన తట్టాం. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు తలుచుకుంటున్నాడు కాబోలు అనుకున్నాం. ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయని మాకు తెలియదు, చెప్పినవాళ్ళూ లేరు. నాలుగో రోజుకి జ్వరం, ఆయాసం. నిమోనియా అన్నారు.

ఎలాగో బయటపడ్డారు. తర్వాత విశాఖలో ఒక స్పీచ్ థెరపిస్టుకు చూపించాం. మాటలు నేర్పించడమే వాళ్ళ పని అనుకుని వెళ్ళాను. ఆవిడ మొదట చూసింది మింగడం. పక్షవాతంలో చెయ్యీ కాలూ పడిపోయినట్టే నాలుక, గొంతు కండరాలు కూడా పట్టు తప్పుతాయట. నీళ్ళలాంటి పల్చటివి గబుక్కున జారిపోయి, శ్వాసనాళం మూసుకునేలోపే అందులోకి దిగిపోతాయట. రోగికి పల్చటి గంజే మంచిదని మేం అదే పట్టాం! నాన్నకు చిక్కగా కాచిన చోడి (రాగి) అంబలి, నిటారుగా కూర్చోబెట్టి, చెంచాతో, ఒకటి పూర్తిగా మింగాకే ఇంకోటి పెట్టమన్నారు. అందరికీ ఇదే పద్ధతి కుదరదు, పరీక్ష చేశాకే ఎవరికి ఏది అన్నది తేలుతుంది. కొందరికైతే దగ్గు కూడా రాదు, చప్పుడు లేకుండా లోపలికి పోతుంది. అందుకే ఇంట్లోవాళ్ళు కనిపెట్టగలరులే అని వదిలేయకూడదు.

ఇక మాట సంగతి. నాన్నకు కుడివైపు పడిపోవడంతో మాట కూడా పోయింది. నీళ్ళు కావాలంటే ఇంకేదో మాట వచ్చేది, అది తప్పని ఆయనకే తెలిసి కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. చూడవచ్చిన చుట్టాలు మతి పోయిందనుకుని చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా అరిచేవారు. మతి పోలేదు, మాట దొరకడం లేదు, అంతే. భజన పాట ఎత్తుకుంటే మాత్రం నాలుగు చరణాలు కలిపేవారు. థెరపిస్టు ఆ దారినే పట్టుకుని, బొమ్మలు చూపిస్తూ, అవును కాదు అని తలూపే ప్రశ్నలు వేస్తూ మొదలుపెట్టారు. ఇప్పుడు మా అందరి పేర్లూ పిలుస్తున్నారు.

నేను టీచర్‌ని. మా బడికి అయిదేళ్ళు నిండిన ఒక బాబు వచ్చాడు, నాలుగైదు మాటలే వచ్చు. వస అరగదీసి నాకించారు, మగపిల్లలకి మాట ఆలస్యమేలే అని ఊరుకున్నారు. పరీక్ష చేయిస్తే వినికిడి లోపం. రెండేళ్ళకు రెండు మాటలు కలిపి అనని పిల్లలకు ముందు చెవి పరీక్ష చేయించాలని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. మాట రావాల్సిన విలువైన ఏళ్ళన్నీ అలా గడిచిపోయాయి.

2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో 18 ఏళ్ళ లోపు పిల్లలను పరీక్షించి జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు. మంచి ఏర్పాటే. కానీ స్పీచ్ థెరపీ ఒక్క రోజుతో అయ్యేది కాదు, నెలల తరబడి సాగాలి. జిల్లా చివరనున్న ఇచ్ఛాపురం నుంచి జిల్లా కేంద్రం శ్రీకాకుళం 100 కిలోమీటర్లకు పైనే. కూలి మానుకుని వారం వారం ఏ తల్లి రాగలదు? మాట, భాషా వైకల్యాన్ని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది. ఆ గుర్తింపు ఊళ్ళకు దగ్గరగా రావాలి.

జిల్లా వైద్యాధికారులను అడుగుతున్నాను. టెక్కలి, పలాస, నరసన్నపేట ఆసుపత్రుల్లో స్పీచ్ థెరపిస్టు ఉండేలా చూడండి. అంతవరకు వారానికి ఒక రోజైనా కచ్చితంగా వచ్చే ఏర్పాటు చేయండి, ఆ రోజేదో బోర్డు మీద రాయించండి. పక్షవాతంతో వచ్చినవాళ్ళకు నోట్లో చుక్క నీళ్ళు పోసే ముందే మింగగలరో లేదో చూడటం నర్సులకు నేర్పించండి. డిశ్చార్జి కాగితంలో మందుల పేర్ల కింద, ఏం పెట్టాలో ఎలా పెట్టాలో తెలుగులో నాలుగు ముక్కలు రాయించండి. మా నాన్న కాగితంలో మందుల పేర్లు తప్ప ఇంకేం లేవు.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు,
నరసన్నపేట మండలం, శ్రీకాకుళం జిల్లా