నా రిజిస్టరులకు ఎక్కని లెక్క

సిరొంచ,
మే 20

బిడ్డా,

మూడు రోజులసంది నీ ఫోను కలుస్తలేదు. గుట్టల మీద సిగ్నల్ ఉండదని చెప్పినా మీ అవ్వ వినదు, ఉత్తరమన్న రాయుమని ఒకటే పోరు. హాస్టల్ అడ్రసుకే పంపుతున్న, డెహ్రాడూన్ దిగినంక చదువుకో. ఇక్కడ తునికాకు కల్లాలు నడుస్తున్నయి. ప్రాణహిత సన్నగ పారుతున్నది.

అడవులల ఎంత కార్బన్ దాగుందో కొలిచే నీ చదువు గురించి మొన్న నువ్వడిగిన మాట నన్ను వదుల్తలేదు. దేవదారు అడవి, ఓక్ అడవి, చీర్ పైన్ అడవి, ఏది ఎక్కువ కార్బన్ దాచుకుంటది నాయినా అన్నవు. ఏ చెట్టు లావుంటే అదే అని టక్కున చెప్పేసిన, నువ్వు కిసుక్కున నవ్వినవు. ముప్పై ఏండ్లు కట్టె డెపోల దుంగలు కొలిచినోనికి లావే కనిపిస్తది మరి.

తర్వాత ఆలోచన జేసిన. ఒకే లావున్న బూరుగు దుంగను ఇద్దరు దొర్లిస్తరు, టేకు దుంగకు నలుగురు కావాలె. ఎండిన కట్టె బరువుల దగ్గరదగ్గర సగం కార్బనే అంటివి. అట్లయితే మీది ఘనమీటర్ల లెక్క కాదు, కిలోల లెక్క. మీ గుట్టల వంకరటింకర బాంజ్ రకం ఓక్ బరువుల గట్టిది, సూదులాకుల ఫర్ చెట్టు కట్టె తేలిక. అయినా ఫర్, దేవదారు నిట్టనిలువుగ పెరిగి, ఒకదానికొకటి దగ్గరగ నిలబడతయి గనుక, ఉత్తరాఖండ్ గర్వాల్ గుట్టలల హెక్టారు లెక్కన చూస్తే ఆ ముసలి అడవులే ముందుంటయని నువ్వే చెప్తివి. ఓక్‌కు ఇంకో కష్టం, ఊరోళ్లు పశువుల మేతకు కొమ్మలు కొడుతుంటరు. మొద్దు కొలత చూసి కొమ్మలున్నట్టు లెక్కేస్తే తప్పు పడ్డట్టే.

టేపు సంగతి మాత్రం నా మాట విను. కొత్తల ఒకసారి తీగ మీదినుంచే టేపు చుట్టి రాసిన. సాహెబు మళ్లీ కొలిపిస్తే తేడా వచ్చింది, అందరి ముందట తిట్లు తిన్న. చుట్టుకొలత నూటికి రెండు తప్పితే ఘనపరిమాణం నూటికి నాలుగు తప్పుతది. మీరు 1.37 మీటర్ల ఎత్తుల కొలుస్తరు గదా, ఏటవాలు మీద పైవైపు నిలబడి కొలువు. టేపు వాలనియ్యకు.

ఇగ నా లెక్క ఎట్లుండేదో చెప్త. చుట్టుకొలతల నాలుగోవంతు తీసి, దాన్ని దానితోటే గుణించి, పొడవుతోని గుణిస్తం. ఆ సూత్రంల అసలు కట్టెల ఐదోవంతు పైననే మాయమైతది, కోతల పోయేదని ముందే వదిలేస్తరు. మోడు లెక్కల లేదు, వేర్లు లేవు, కొమ్మలు లేవు, రాలిన ఆకు ఊసే లేదు. అడవి దాటి వచ్చిందే నా రిజిస్టరుకు ఎక్కింది. అడవిల మిగిలినదాన్ని లెక్కబెట్టుడు నీ పని. ఒక మాటైతే ఒప్పుకో, అయోధ్య గుడి తలుపులకు 2023ల మన దిక్కు టేకే పోయింది, ఆ తలుపులు ఉన్నన్నాళ్లు వాటిల కార్బన్ ఎటూ పోదు.

ఆస్ట్రేలియాల విక్టోరియా గుట్టల మౌంటెన్ యాష్ చెట్ల ముచ్చట చెప్పినవు గదా, ఒకచోట హెక్టారుకు 1,867 టన్నుల కార్బన్ తేలిందని 2009ల రాసిన్రని. అది నీలగిరి జాతి అంటే మీ అవ్వ నమ్మలే! మన దగ్గర నీలగిరిని కాయితానికని నాలుగైదేండ్లకే నరుకుతరు. అక్కడ వందల ఏండ్లు నిలబడింది, చల్లదనానికి పడ్డ మొద్దు కూడ తొందరగ కుళ్లది. గాదెల గింజలు వేరు, చేన్ల పైరు వేరు; దాచుకున్నది వేరు, ఇప్పుడు పెరిగేది వేరు. లేత అడవి జోరుగ కార్బన్ పీలుస్తదని చెప్పి, ముసలి అడవిని తక్కువ చేసి రాయకు.

నిన్న పొద్దున చల్లపూట అల్లాపల్లి తొవ్వల టేకు కింద కూసున్న. చేత్తోని ఆకు తోడి చూసిన. పైన బెత్తెడు ఎండాకు గలగల, కింద చెదలు, దాని కింద ఎర్రమట్టి. నల్లమట్టి వేలు మందం లేదు. మన ఎండకు, వానకు, చెదలకు ఆకు ఏడాది ఆగది. చలి గుట్టల మీద ఆకు మెల్లగ మాగి మన్నుల కలుస్తది గనుక, అక్కడ సగం సంపద కాళ్ల కిందనే ఉంటది కావచ్చు. మరి చీర్ పైన్ కింద సూదులాకు ఎండాకాలం అగ్గి పడితే ఆ పైపొర బుగ్గి అయితది, ఇక్కడ తునికాకు కోసం పెట్టే మంటల లెక్కనే. అందుకే చెట్లను కొలిచి ఊకోకు.

మామిడి తొక్కు మీ అవ్వ సీసాల కట్టింది, వచ్చే వారం పార్శిల్ చేస్త. నువ్వు ఓక్ కింద ఒకసారి, పైన్ కింద ఒకసారి చెయ్యి పెట్టి చూడు. ఎన్ని వేళ్ల లోతు దాకా నల్లగున్నదో నాకు రాయి.

మీ నాయిన