పండుగప్ప పిల్లకు ఏం పెట్టారో బిల్లులో రాయాలి

సంపాదకుడు గారికి,

రొయ్య సీడ్ (పిల్లలు) కొనేటప్పుడు మా నరసాపురం, భీమవరం వైపు రైతు ముందుగా అడిగేది పీసీఆర్ రిపోర్టు, అంటే ల్యాబ్‌లో చేసిన రోగ పరీక్ష కాగితం. వైట్‌స్పాట్ అనే వైరస్ తెగులు లేదని చూశాకే డబ్బు తీస్తాడు. అదే పండుగప్ప చేప పిల్లలైతే సైజెంత, రేటెంత అని బేరమాడి తెచ్చేసుకుంటాం. పుట్టిన మొదటి మూడు వారాలు అవి ఏం తిన్నాయో ఎవరమూ అడగం. నేనూ అడగలేదు.

కిందటేడు తెచ్చిన సీడ్‌ను హాపాల్లో (నీళ్లలో కట్టిన వల తొట్లలో) పోసి గట్టు మీద కూర్చుని చూశాను. మేత మూతి ముందే పడుతున్నా కొన్ని పిల్లలు గురి తప్పి పక్కకు పోతున్నాయి. కొన్నిటికి వెన్ను వంకర. సైజుల వారీగా వేరుచేద్దామని వల పైకెత్తితే చాలు, వెల్లకిలా తేలిపోయేవి. తప్పంతా పిల్లల్ని పుట్టించి అమ్మిన హేచరీదే అనను, ఉప్పు శాతంలో తేడా కూడా కావచ్చు. కానీ ఏం పెట్టారని ఫోన్ చేస్తే వచ్చిన జవాబు, "ఆర్టీమియా పెట్టామండీ". అంతే.

ఆర్టీమియా అంటే చేపపిల్లలకు బతికుండగానే మేతగా వేసే చిన్న ఉప్పునీటి జీవి. ఉత్త ఆర్టీమియా చాలదు. గుడ్డు సొన రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. ఆ తర్వాత ఆ వెంట్రుకంత పిల్ల కంటితో చూసి వేటాడుకోవాలి. కంటి రెటీనాకు, మెదడుకు కావలసిన సరుకు డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లం. అది ఆర్టీమియాలో దాదాపు ఉండదు, మేతగా వేసే ఇంకా చిన్న జీవులైన రోటిఫర్లలోనూ తక్కువే. అందుకే వాటిని ముందు కొన్ని గంటలు నీళ్లలో చిలికిన చేపనూనె (ఎమల్షన్)లోనో, డీహెచ్‌ఏ ఉన్న సూక్ష్మ నాచులోనో ఉంచి కడుపు నింపి, ఆపైన లార్వాలకు, అంటే కొత్తగా పుట్టిన పిల్లలకు, వదలాలి. హేచరీ వాళ్లు ఎన్‌రిచ్‌మెంట్ అనేది దీన్నే. అదీ ఆలస్యం చేయకుండా వదలాలి, ఎందుకంటే ఆర్టీమియా ఆ డీహెచ్‌ఏను తనే అరగదీసుకుంటుంది. నూనె ముక్కిపోయిందా, మేలు పోయి కీడే మిగులుతుంది.

మనకు బొచ్చె, శీలావతి అలవాటు. పేడ వేసి, వేరుశనగ చెక్క, తౌడు చల్లితే నీళ్లు పచ్చబడి పిల్ల దానంతటదే ఎదిగేది. మొక్కల నూనెల్లోని ఒమేగా-3 నుంచి ఆ చేపలు డీహెచ్‌ఏను కొంతవరకు సొంతంగా తయారుచేసుకోగలవు. పండుగప్పకు ఆ శక్తి నామమాత్రమే. దానికి తిండిలోనే అందాలి. ఈ తేడా తెలియక మనం రెండిటినీ ఒకే గాటన కడుతున్నాం.

2006లో సీడ్ నాణ్యతకు, 2020లో మేత నాణ్యతకు మన రాష్ట్రంలో చట్టాలొచ్చాయి. నా చేతికొచ్చిన బిల్లులో మాత్రం సంఖ్య, రేటు తప్ప ఇంకేం లేదు. ఏ రోజు నుంచి ఏ రోజు వరకు ఏం పెట్టారు, దేనితో ఎన్‌రిచ్ చేశారు అన్నది అందులో రాయాలని మత్స్యశాఖ ఆదేశించాలి. పిల్ల బలమెంతో తెలిసేలా, ప్యాకింగ్‌కు ముందు రైతు కళ్లెదుటే కాసిని పిల్లల్ని వేరే ఉప్పు శాతం నీళ్లలో వేసి ఎన్ని తట్టుకున్నాయో లెక్క చూపించాలి. దీనికి పెద్ద మిషన్లేం అక్కర్లేదు, ఒక టబ్బు చాలు. కొవ్వు ఆమ్లాల పరీక్షకు మాత్రం ల్యాబ్ కావాలి. రైతులు శాంపిల్ ఇస్తే చేసిపెట్టే ఏర్పాటు కాకినాడలోని మత్స్య సాంకేతిక సంస్థలో ఉంటే మాకు దగ్గర.

ఇవన్నీ చేస్తే సీడ్ రేటు పెరుగుతుందంటారు. పెరగనివ్వండి. బిల్లులో ఆ నాలుగు ముక్కలు ఉంటే పిల్లకు రెండు రూపాయలు ఎక్కువిచ్చి కొంటాను.

— ఒక పండుగప్ప రైతు,
మొగల్తూరు మండలం, పశ్చిమ గోదావరి జిల్లా