పరుగెత్తే జనం ఉన్నారు, పని చెప్పేవారే లేరు: క్రీడల మంత్రికి బహిరంగ లేఖ

క్రీడలు, యువజన సర్వీసుల శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

ఏటా ఏదో ఒక దినోత్సవం పేరుతో మీ శాఖ ఒక పెద్ద పరుగు పెడుతుంది. తెల్లవారకముందే జనాన్ని పోగుచేస్తారు, టీషర్టులు పంచుతారు, మీ చేత జెండా ఊపిస్తారు. ఎండ ముదిరేలోపు అందరూ ఇళ్లకు చేరుకుంటారు. రోడ్డు మీద మిగిలిన ఖాళీ నీళ్ల సీసాలు ఏరే పని పారిశుధ్య కార్మికుల మీద పడుతుంది. ఆరోగ్యం కోసం పెట్టిన కార్యక్రమం ఆ రోజు వాళ్లకు అదనపు చాకిరీ. అలాంటి పరుగులు మానేయమని అడగను. వాటికి పెట్టే ఖర్చులో, శ్రద్ధలో కొంచెం ఇటు మళ్లించమని అడగడానికే ఈ ఉత్తరం.

నేనొక చిన్న పరుగు బృందంలో ఉన్నాను. వారంలో ఒక సాయంత్రం అందరం కలిసి పరుగెడతాం. దారిలో ఒకచోట ఆగి, ఓ ముప్పావు గంట ఏదైనా పని చేస్తాం. బడి ఆవరణలో కలుపు పీకడం, గ్రంథాలయంలో పుస్తకాలను ఒక గది నుంచి ఇంకో గదికి మార్చడం, పార్కులో లారీ దింపిపోయిన మట్టిని మొక్కల పాదుల్లోకి చేరవేయడం, ఇలాంటివి. పని అయ్యాక బయల్దేరిన చోటికే మళ్లీ పరుగెత్తుకుంటూ వస్తాం. నెమ్మదిగా పరుగెత్తేవారి కోసం వెనకాల ఒకరు తప్పకుండా ఉంటారు. ఇందులో పోటీ లేదు, పతకం లేదు.

ఇది మా బుర్రలో పుట్టిన ఆలోచన కాదు. లండన్‌లో ఐవో గోర్మ్‌లీ మొదలుపెట్టిన గుడ్‌జిమ్ అనే సంస్థ బ్రిటన్‌లో చాలా ఏళ్లుగా ఈ పనే చేస్తోంది. జిమ్‌లో యంత్రాల మీద వృథాగా పోయే శ్రమ పదిమందికీ ఎందుకు ఉపయోగపడకూడదన్నది అక్కడి వాదన. గుంపుగా వెళ్లి చేసే పనులతో పాటు, ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ల ఇళ్లకు పరుగెత్తుకుంటూ వెళ్లి కాసేపు కబుర్లు చెప్పి వచ్చే ఏర్పాటు కూడా వాళ్లకు ఉంది. ఆ పెద్దవాళ్లను అక్కడ కోచ్‌లు అంటారు. మనకోసం ఒకరు ఎదురుచూస్తున్నారని తెలిస్తే బద్ధకంగా ఉన్న రోజు కూడా బూట్లు వేసుకుని బయటపడతాం కదా, కోచ్ చేసే పనీ అదే. సాయం అందుకునే మనిషికి కూడా ఇవ్వడానికి ఏదో ఉందని గుర్తించిన ఆ తీరు నాకు బాగా నచ్చింది.

పరుగెడుతూ చెత్త ఏరే ప్లాగింగ్ గురించి మీరు వినే ఉంటారు. 2016లో స్వీడన్‌లో ఎరిక్ ఆల్‌స్ట్రామ్ దాన్ని మొదలుపెట్టాక ప్రపంచమంతా పాకింది. జపాన్‌లో అంతకుముందే, 2008లో, చెత్త ఏరడాన్ని జట్ల పోటీగా మార్చి స్పోగోమి అన్నారు. 2023లో టోక్యోలో దానికి ప్రపంచ కప్ కూడా జరిగింది, బ్రిటన్ జట్టు గెలిచింది. తమాషా ఏమిటంటే ఆ ఆటలో పరుగెత్తకూడదు! మా మటుకు మాకు చెత్త ఏరడం ఉన్న పనుల్లో ఒకటి మాత్రమే. ఫొటోలకు బాగుంటుంది కాబట్టి అధికారుల కళ్లన్నీ దాని మీదే పడతాయి. చెత్త ఏరడం దగ్గరే ఆగిపోతే ఈ ఆలోచనలో సగం కూడా వాడుకోనట్టే.

ఆరోగ్యం సంగతి చూద్దాం. వయోజనులు వారానికి కనీసం 150 నిమిషాలు మధ్యస్థమైన వ్యాయామం గానీ, 75 నిమిషాలు గట్టి వ్యాయామం గానీ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దాంతో పాటు వారంలో రెండు రోజులైనా కండరాలకు బలాన్నిచ్చే కసరత్తు ఉండాలంటుంది. ఈ రెండో మాట పరుగెత్తేవాళ్లలో చాలామంది పట్టించుకోరు. గునపంతో గోతులు తవ్వడం, మట్టి తట్టలు మోయడం, వంగి లేవడం, బల్లలు ఎత్తి సర్దడం, ఇవన్నీ కండరాలకు పనే. 2022లో ప్రపంచంలోని వయోజనుల్లో 31 శాతం మంది, అంటే సుమారు 180 కోట్ల మంది, చాలినంత శారీరక శ్రమ చేయడం లేదని అదే సంస్థ లెక్క తేల్చింది. వీళ్లలో చాలామందికి వ్యాయామం మంచిదని తెలియక కాదు. ఒంటరిగా మొదలుపెట్టి ఒంటరిగానే మానేస్తారు. "నేను పరుగెత్తలేను బాబోయ్" అన్నవాళ్లు మొక్కలు నాటడానికి మాత్రం వస్తారు, ఆ తర్వాత మెల్లగా పరుగులో పడతారు. మా బృందంలోకి అలా వచ్చినవాళ్లే ఎక్కువ.

మరి సమస్య ఎక్కడుంది? మనుషులు ఉన్నారు, వారం వారం వస్తారు. చేయాల్సిన పనులూ కళ్లముందే ఉన్నాయి. ఈ రెంటినీ కలిపే మనిషి ఒక్కరూ ఏ కార్యాలయంలోనూ లేరు. ఓసారి ఒక పార్కులో మొక్కలకు పాదులు చేస్తామని అనుమతి అడిగాం. ఒక సెక్షన్‌కు వెళ్తే ఇంకో సెక్షన్‌కు పొమ్మన్నారు, ఆ సెక్షన్ వాళ్లు పై నుంచి ఉత్తర్వు కావాలన్నారు. కాగితం చేతికొచ్చేసరికి వానాకాలం దాటిపోయింది, మొక్కల్లో చాలావరకు ఎండిపోయాయి. ఎవరినీ తప్పుపట్టడం లేదు. ఉచితంగా పని చేస్తామని వచ్చేవాళ్లను ఏం చేయాలో ఎవరి ఉద్యోగ విధుల్లోనూ రాసిలేదు, అంతే.

అందుకే అడుగుతున్నాను: ప్రతి స్థానిక సంస్థలో ఒక ఉద్యోగికి ఈ బాధ్యత ఇవ్వండి. కొత్త పోస్టు అక్కర్లేదు. బడులు, గ్రంథాలయాలు, వృద్ధాశ్రమాలు, పార్కుల నుంచి చిన్న చిన్న పనుల జాబితా తెప్పించుకుని, ఏ వారం ఏ పనో బృందాలకు చెప్పే మనిషి కావాలి. పని ఎంపికలోనే ఉంది కిటుకంతా. నైపుణ్యం అక్కర్లేనిదై ఉండాలి, ఇరవైమంది ఒకేసారి చేయగలిగి ఉండాలి, గంటలోపు ఒక కొలిక్కి రావాలి. చెట్లెక్కి కొమ్మలు కొట్టడం, కరెంటు పనులు, మురుగు కాలువల్లోకి దిగడం లాంటివి జాబితాలో ఉండనే కూడదు. పగిలిన గాజు, సూదులు కనబడితే ముట్టుకోకుండా ఎవరికి ఫోన్ చేయాలో ముందే తెలియాలి. పరుగెత్తుకుంటూ వచ్చేవాడు పార భుజాన వేసుకుని రాలేడు కాబట్టి పనిముట్లు, చేతి తొడుగులు పనిచోటే ఉండాలి. చీకటి పడ్డాక వెళ్లే దారుల్లో దీపాలు వెలగాలి, లేకపోతే ఆడవాళ్లు రారు, రమ్మని అడిగే హక్కూ మనకు లేదు. గాయపడితే వైద్యం ఖర్చుకు ఒక సామూహిక బీమా ఉంటే ఇళ్లలో వాళ్లకు టెన్షన్ తగ్గుతుంది.

పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లే పని మాత్రం తొందరపడి మొదలుపెట్టకండి. వెళ్లే మనిషి గురించి పోలీసు విచారణ జరగాలి, వారం వారం ఒకే మనిషి వెళ్లాలి, ఇంట్లోకి అడుగుపెట్టాక సెల్ఫీలు ఉండకూడదు. రెండు వారాలు వెళ్లి మానేస్తే ఆ పెద్దాయనకు అసలు వెళ్లనిదానికంటే ఎక్కువ నష్టం. ఈ ఏర్పాటు లేకుండా ఊరంతా వాలంటీర్లను పంపితే ఏదో ఒక రోజు జరగరానిది జరుగుతుంది, అప్పుడు మొత్తానికే తలుపులు మూసేస్తారు.

ఇంకో భయం కూడా చెప్పాలి. ఉచితంగా చేసేవాళ్లు దొరికారని జీతం తీసుకునే కార్మికులను తగ్గించే ఆలోచన ఏ ఆర్థిక శాఖకైనా రావచ్చు. అలా అయితే మేం రాం. కార్మికులు రోజూ చేసే పని మాది కాదు, ఎవరి వంతులోకీ రాక మిగిలిపోయిన పనులే మావి. ఆ మాట మీ ఉత్తర్వులో స్పష్టంగా రాయించండి.

వారం వారం జరగడంలో ఎంత బలం ఉందో పార్క్‌రన్‌ను చూస్తే తెలుస్తుంది. 2004 అక్టోబర్ 2న లండన్‌లోని బుషీ పార్కులో పాల్ సింటన్-హ్యూవిట్ దాన్ని మొదలుపెట్టినప్పుడు పరుగెత్తింది 13 మందే. ఐదు కిలోమీటర్లు, ప్రవేశ రుసుము లేదు, నడిపేది వాలంటీర్లు. ఇప్పుడది ఎన్నో దేశాల్లో వారం వారం జరుగుతోంది. ఒక్కరోజు పండుగలకు ఆ శక్తి రాదు. మొక్కల విషయంలోనూ అంతే. దినోత్సవం నాడు వేలల్లో నాటిస్తారు, నీళ్లు పోయడానికి మర్నాడు ఎవరూ ఉండరు. వారానికోసారి వచ్చే బృందానికి ఒక వరుస మొక్కలు అప్పగించి, నీళ్ల కుళాయి ఎక్కడుందో చూపించండి.

ఒక్క పట్టణంలో ఆరు నెలలు పెట్టి చూడండి. ఎన్ని కిలోల చెత్త ఏరారు, ఎంతమంది ఫొటోలో ఉన్నారు అన్న లెక్కలు వద్దు. ఎన్ని పనులు అడిగారు, వాటిలో ఎన్ని పూర్తయ్యాయి, మొదటి నెలలో వచ్చినవాళ్లు ఆరో నెలలోనూ వస్తున్నారా అన్నది జనానికి కనబడేలా బోర్డు మీద రాయించండి. ఆ జాబితా ఏ అధికారి దగ్గర ఉంటుందో మీ శాఖ ప్రకటించగానే మొదటి వారం పనికి మేం సిద్ధం. పారలు, తట్టలు మాత్రం అక్కడ ఉంచమని చెప్పండి.

ఇట్లు,
ఒక పరుగు బృందం సభ్యుల తరఫున