ఆరోగ్య శాఖ మంత్రి గారికి: ఈ చేతి వాపు కూడా క్యాన్సర్ చికిత్సలో భాగమే

అయ్యా, నమస్కారం.

ఇది నా నాలుగో అర్జీ. మొదటి మూడింటికీ జవాబు రాలేదు కాబట్టి ఈసారి అందరి ముందూ పెడుతున్నాను.

ప్రభుత్వ ఆరోగ్య పథకం సంగతి మీకు తెలియంది కాదు. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ దాని కిందే జరిగాయి. ఈ రోజు బతికున్నానంటే ఆ చలవే, ఆ మాట ఎక్కడైనా చెప్తాను. కానీ రొమ్ముతో పాటు చంకలో లింఫ్ గ్రంథులు తీసేశారు. చేతిలో ఊరే నీటికి తోవ లేక అక్కడే నిలుస్తోంది. ఈ చికిత్స తీసుకున్న ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరికి ఈ వాపు వస్తుంది, కొందరికి ఏళ్లు గడిచాక.

నా కుడిచెయ్యి వేలితో నొక్కితే పడ్డ గుంట ఎంతసేపటికీ పూడదు. సాయంత్రానికి రాయి కట్టినంత బరువు. చంక నుంచి మోచేతి దాకా లోపల తాడు బిగించినట్టు ఒకటే సలుపు. జాకెట్టు కుడిచేతి కుట్లు విప్పితే గానీ చెయ్యి పట్టదు.

దీనికి మందుబిళ్ల లేదు. కంప్రెషన్ స్లీవ్ (చేతికి బిగుతుగా తొడుక్కునే సాగే తొడుగు), కట్లు, ఫిజియోథెరపిస్టు చేసే మర్దన, వ్యాయామం, ఇవే దారి. పూర్తిగా నయం కాదు గానీ అదుపులో ఉంటుంది. తొలి రోజుల్లో చెయ్యి ఎత్తిపెట్టుకుంటేనే తగ్గే వాపు, పట్టించుకోకపోతే గట్టిపడిపోతుంది. స్లీవ్ మాత్రం పథకంలో లేదట. "అది ఉపకరణమమ్మా, చికిత్స కాదు" అన్నారు కౌంటర్లో.

రోజూ ఉతికి తొడిగితే ఆరు నెలలకే దాని సాగుడు పోతుంది. నాది ఏడాదిన్నరది. జారిపోయి మణికట్టు దగ్గర మడతపడి కోస్తోంది, అరచెయ్యి ఉబ్బుతోంది. మొన్న చిన్న గీత గీరుకుంటే చెయ్యంతా ఎర్రబడి, చలిజ్వరం వచ్చి, నాలుగు రోజులు సెలైన్‌తో ఆస్పత్రిలో పడున్నాను. ఆ ఖర్చు పథకం కట్టింది. అది రాకుండా కాపాడే స్లీవ్‌కి ఎందుకు కట్టదు? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పండి చాలు.

స్లీవ్ ఇప్పించండి. ఆరు నెలలకోసారి మార్పించండి. ఆపరేషన్‌కి ముందే చేతుల కొలతలు తీసిపెట్టమనండి, వాపు మొదట్లోనే దొరుకుతుంది. ఫిజియోథెరపిని పథకంలో కలపండి. కాళ్లు పట్టుకుని అడగమన్నా అడుగుతాను, స్లీవ్ ఇప్పించండి.

మొదటి అర్జీకి నా చేతి కొలతలు జతచేశాను. వాటిని చూసి కుట్టించకండి. ఇప్పుడవి సరిపోవు.

ఇట్లు,
పథకం లబ్ధిదారు