ఎల్ఈడీ దీపం కింద కుంటుపడే సోలార్ సెల్

సంపాదకులకు,

ముద్రించే సేంద్రియ సోలార్ సెల్స్ (వెలుగును పీల్చే పొరగా కార్బన్ ఆధారిత పాలిమర్లు వాడేవి) గురించి పత్రికల్లో వార్త వస్తే సామర్థ్యం ఎంత శాతం అన్నదే శీర్షికకెక్కుతోంది. ఆ కొలత ఏ దీపం కింద తీశారో రాసేవారు అరుదు. గదుల్లోని ఎల్ఈడీ వెలుగుతో నడిచే చిన్న సెన్సార్లకు ఈ సెల్స్ వాడాలనుకుంటున్నప్పుడు ఇది చిన్న లోటు కాదు.

తలకిందుల అమరిక గల సెల్స్‌లో, అంటే ఎలక్ట్రాన్లు కింది పారదర్శక ఎలక్ట్రోడ్ వైపు బయటకు వెళ్లేవాటిలో, ఎలక్ట్రాన్లను బయటకు చేర్చే పొరగా ఎక్కువగా వాడేది జింక్ ఆక్సైడ్. మందం 30–40 నానోమీటర్లు. గాలిలోని ఆక్సిజన్ ఆ పొరకు అంటుకుని ఎలక్ట్రాన్లను పట్టేసుకుంటుంది. దీనికి తోడు ఉపరితలం మీది హైడ్రాక్సిల్ గుంపులు, లోపల ఆక్సిజన్ ఉండాల్సిన చోట ఖాళీలు. దాంతో కరెంటు–వోల్టేజి గ్రాఫ్ ఎస్ అక్షరంలా వంకర తిరుగుతుంది, ఫిల్ ఫ్యాక్టర్ (ఆ గ్రాఫ్ ఎంత నిండుగా ఉందో చెప్పే కొలత) పడిపోతుంది. సుమారు 375 నానోమీటర్ల కన్నా పొట్టి తరంగాల అతినీలలోహిత (యూవీ) వెలుగు పడితే జింక్ ఆక్సైడ్‌లో పుట్టే హోల్స్ (ఎలక్ట్రాన్ ఖాళీ చేసిన చోట్లు) ఆ ఆక్సిజన్‌ను వదిలిస్తాయి, వంకర సర్దుకుంటుంది. ప్రయోగశాలలో ఎండను అనుకరించే సోలార్ సిమ్యులేటర్ దీపంలో ఆ వెలుగు ఉంటుంది కాబట్టి కాసేపట్లో లోపం కనబడకుండా పోతుంది. ఇంట్లోని ఎల్ఈడీలో ఉండదు. సెల్ మీద యూవీని ఆపే ప్లాస్టిక్ అంటించినా అదే పరిస్థితి.

పరీక్ష తేలిక. కొత్త సెల్ మీద 400 నానోమీటర్ల కన్నా తక్కువను ఆపే ఫిల్టర్ పెట్టి మొదటి గ్రాఫ్ తీయాలి. ఫిల్టర్ తీసి కొన్ని నిమిషాలు సిమ్యులేటర్ వెలుగులో ఉంచి మళ్లీ తీయాలి. మొదటిదాంట్లో వంకర ఉండి రెండోదాంట్లో పోతే అనుమానించాల్సింది పాలిమర్‌ను కాదు, జింక్ ఆక్సైడ్ ఉపరితలాన్ని. ఎం.ఎస్సీ., ఎం.టెక్. ప్రాజెక్టులు చేసేవారు ఈ పని చేయకుండా నెలల తరబడి పాలిమర్లు మార్చడం వృథా శ్రమ.

జింక్ ఆక్సైడ్ పూత వేసే పద్ధతి ఈ రంగంలో అందరికీ తెలిసిందే: 1 గ్రాము జింక్ అసిటేట్ డైహైడ్రేట్, 0.28 గ్రాముల ఇథనాలమైన్, 10 మి.లీ. 2-మిథాక్సీఇథనాల్. రాత్రంతా కలియబెట్టి, వడగట్టి, ఐటీఓ (ఇండియం టిన్ ఆక్సైడ్ అనే పారదర్శక వాహకం) పూసిన గాజు మీద స్పిన్ చేసి, అంటే గాజును వేగంగా తిప్పుతూ ద్రావణాన్ని పలుచగా పరిచి, గాలిలో 200 డిగ్రీల సెల్సియస్ వద్ద గంటసేపు ఉంచాలి. గాజుకు బదులు వాడే పెట్ (పీఈటీ) ప్లాస్టిక్ అంత వేడికి తట్టుకోదు. 130–150 డిగ్రీలతో సరిపెడితే అసిటేట్, హైడ్రాక్సిల్ అవశేషాలు మిగులుతాయి. అలాంటి పొరకు ఉపరితల చికిత్స మరీ అవసరం.

ఆ చికిత్సల్లో మేం ముందుగా చెప్పేది పీఈఐఈ అనే అమీన్ (నైట్రోజన్ గుంపులున్న) పాలిమర్. సీసాలో 35–40 శాతం నీటి ద్రావణంగా వస్తుంది. ఐటీఓ మీద నేరుగా వేసేందుకు 0.4 శాతానికి పలుచన చేయడం పరిపాటి. 37 శాతం సరుకైతే 1 గ్రాముకు సుమారు 91 గ్రాముల 2-మిథాక్సీఇథనాల్ కలపాలి. జింక్ ఆక్సైడ్ మీద అంత అక్కర్లేదు, 0.1 శాతంతో మొదలుపెట్టడం మేలు. నిమిషానికి 5,000 చుట్ల వేగంతో ఒక నిమిషం స్పిన్ చేసి, 100 డిగ్రీల వద్ద 10 నిమిషాలు ఆరబెట్టాలి. అమీన్ గుంపుల వల్ల వర్క్ ఫంక్షన్ (ఉపరితలం నుంచి ఎలక్ట్రాన్‌ను బయటకు లాగడానికి కావాల్సిన శక్తి) 4 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర్నుంచి సుమారు 3.3కు దిగుతుంది. అయితే పీఈఐఈ విద్యుత్ నిరోధకం. పూత మందమైతే ఎలక్ట్రాన్లు దాటలేవు, పోయిందనుకున్న వంకర మళ్లీ వస్తుంది.

ఇంకో చిక్కుంది. సెల్‌లో ఎలక్ట్రాన్లను అందుకునేందుకు ఫుల్లరీన్లకు (బంతి ఆకారపు కార్బన్ అణువులకు) బదులు వాడే ఐటీఐసీ వంటి అణువుల మీద అమీన్లే దాడి చేసి ద్విబంధాన్ని తెంచేస్తాయి. అలాగని పీఈఐఈ మానేసి జింక్ ఆక్సైడ్‌ను ఉత్తదిగా వదిలినా క్షేమం లేదు, యూవీ వెలుగులో అది కూడా అదే బంధాన్ని విరగ్గొడుతుంది. అమీన్‌ను జింక్ అయాన్‌తో చెలేట్ చేసి (దాని నైట్రోజన్లు జింక్‌ను పట్టుకునేలా కట్టేసి) వాడటం మాకు నచ్చిన మార్గం. పాలిమర్‌కు బదులు మిథైల్ అమ్మోనియం పెరోవ్‌స్కైట్ (వెలుగును పీల్చే లెడ్ అయొడైడ్ స్ఫటిక పదార్థం) వేసేవారికి ముప్పు ఇంకా ఎక్కువ. క్షార స్వభావమున్న జింక్ ఆక్సైడ్ మీద 100 డిగ్రీలకు వేడిచేస్తే నల్లని పొర పసుపు లెడ్ అయొడైడ్‌గా మారిపోతుంది.

ఆమ్లంతో కడగాలనే ఆలోచనే వద్దు. 0.5 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కొన్ని పదుల సెకన్లు ముంచి గుంతలు చేయడం నిజమే కానీ, అది స్పటరింగ్‌తో (శూన్యంలో అయాన్లతో కొట్టి అణువులను రాల్చే పద్ధతితో) వేసిన, అల్యూమినియం కలిపిన, మైక్రాన్‌కు అటూఇటూ మందమున్న పూతకు. 30 నానోమీటర్ల పొర అందులో కరిగిపోతుంది. ఫాస్ఫోనిక్ ఆమ్లపు ఏకాణు పొరలు (ఒక్క అణువు మందమున్న పూతలు) వేసేవారూ ఎక్కువసేపు నానబెట్టకూడదు, అదీ పొరను తినేస్తుంది.

2-మిథాక్సీఇథనాల్ సంతానోత్పత్తికి హాని చేస్తుంది, చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్తుంది. ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటకు లాగే పెట్టె) లేని కాలేజీల్లో పిల్లల చేత ఈ ద్రావణం కలిపించవద్దని అధ్యాపకులను వేడుకుంటున్నాం.

ఇకమీదట ఇలాంటి వార్త రాసేటప్పుడు, యూవీ ఫిల్టర్ పెట్టి తీసిన మొదటి గ్రాఫ్ చూపించమని పరిశోధకులను అడగాల్సిందిగా మీ విలేకరులకు మా మనవి.

ఇట్లు,
పలుచని పొరల మీద పనిచేసే కొందరు పరిశోధకులు,
హైదరాబాద్