ప్రోబ్ పెట్టకుండానే పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేస్తున్నారు

సంపాదకులకు నమస్కారం.

విజయవాడ ఆటోనగర్‌లో పెట్రోలు కార్లు బాగుచేసే మెకానిక్‌ని. పోయిన నెల మా షెడ్డుకి 2018 మోడల్ కారొకటి వచ్చింది, లీటరుకి పదహారు ఇచ్చేది పదకొండుకి పడిపోయిందని, వెనక నిలబడితే పెట్రోలు వాసన కొడుతోందని. చెక్ ఇంజన్ లైటు నాలుగు నెలలుగా వెలుగుతూనే ఉందట. స్కానర్ పెట్టి, లీకులన్నీ వెతికి చూస్తే చివరికి ఆక్సిజన్ సెన్సర్, అంటే పొగలో ఆక్సిజన్ ఎంతుందో ఇంజన్ కంప్యూటర్‌కి చెప్పే భాగం, పోయిందని తేలింది. బాగున్న సెన్సరైతే ఇంజన్ వేడెక్కాక 0.1 ఓల్టు నుంచి 0.9 దాకా పైకీ కిందకీ ఊగుతూ ఉండాలి, ఇది 0.1 దగ్గరే కదలకుండా ఉండిపోయింది. పొగలో గాలి ఎక్కువైందనుకుని కంప్యూటర్ పెట్రోలు పోస్తూనే ఉంది.

అదే కారుకి వారం కిందటే తీసుకున్న పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది! అంకెలన్నీ హద్దులోనే ఉన్నాయి. నంబర్ ప్లేటు ఫొటో తీసుకుని ఇచ్చేశారండీ, పొగ గొట్టంలో ప్రోబ్, అంటే పొగని కొలిచే కడ్డీ, పెట్టనే లేదు అన్నారు ఓనరు.

నా బాధ ఇదే. బీఎస్-4, బీఎస్-6 (పొగ మీద ప్రభుత్వం పెట్టిన ప్రమాణాలు) పెట్రోలు కార్లకి ఇంజన్‌ని 2500 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర నిలిపి లాంబ్డా, అంటే పెట్రోలుకి గాలి సరిపాళ్లలో ఉందో లేదో చెప్పే అంకె, చూడాలి, అది 0.97కీ 1.03కీ మధ్య ఉండాలి అని రూల్సులోనే ఉంది. ఆ ఒక్క పరీక్ష నిజంగా చేసుంటే ఈ కారు అక్కడే దొరికిపోయేది. సర్టిఫికెట్ లేకపోతే పదివేల దాకా జరిమానా వేయొచ్చని కేంద్ర చట్టంలో రాసుకున్నాం, మరి పరీక్షే చేయకుండా ఇచ్చేవాళ్ల మాటేమిటి?

ఇంకో విషయం, చాలామంది సెన్సర్‌ని కాలిబ్రేట్ చేసివ్వమని, అంటే కొలత సరిచేసివ్వమని అడుగుతారు. దానికి తిప్పే స్క్రూ ఏదీ ఉండదు, పోతే మార్చుకోవడమే. కాలిబ్రేషన్ కావలసింది పొల్యూషన్ మిషన్‌కి. అందులో ఆక్సిజన్ కొలిచే సెల్ కాలం గడిచేకొద్దీ అరిగిపోతుంది, స్టాండర్డ్ గ్యాస్‌తో (ఏది ఎంతుందో ముందే తెలిసిన గ్యాస్) సరిచూడకపోతే లాంబ్డా లెక్కే తప్పుతుంది. ఆఖరిసారి ఎప్పుడు సరిచూశారో ఆ తేదీ ప్రతి సెంటర్లో అందరికీ కనిపించేలా అంటించాలని, చెక్ ఇంజన్ లైటు వెలుగుతున్న బండికి సర్టిఫికెట్ ఇవ్వొద్దని రవాణా శాఖని అడుగుతున్నా.

మా తోటి మెకానిక్‌లకీ ఒక మాట. దయచేసి ఆ లైటు బల్బు పీకేసి పంపకండి. ఏది పడితే ఆ సిలికాన్ పేస్టు ఇంజన్‌కి పూయకండి, దాని ఆవిరి తగిలితే కొత్త సెన్సరైనా పాడైపోతుంది.

ఆ కారుకి సెన్సర్ మార్చాం. కానీ నాలుగు నెలలు పచ్చి పెట్రోలు తగిలి పొగలోని విషవాయువుల్ని తగ్గించే కేటలిటిక్ కన్వర్టర్ అప్పటికే పోయింది, దాని ఖరీదు సెన్సర్‌కి ఎన్నో రెట్లు. ఓనరు ఇంకా వేయించలేదు, బండి రోడ్డు మీదే తిరుగుతోంది. సర్టిఫికెట్ వచ్చే ఏడాది దాకా చెల్లుతుంది.

ఇట్లు,
ఒక మెకానిక్, విజయవాడ